ఒక క్లాసు కిందికి

మా అన్నయ్య వెంకటకృష్ణారావుకి ఒక గొప్ప ఆలోచన వచ్చిందంటే అది చివరికి నా మెడకే చుట్టుకుంటుంది. చిన్నప్పట్నుంచీ ఇదే వరస. కుక్కపిల్లని తెచ్చింది ఆయన, దానికి అన్నం కలిపి పెట్టింది నేను. పోయిన ఏడాది జూన్‌లో కొడుకుని తీసుకొచ్చి ఇంటర్నేషనల్ స్కూలు హాస్టల్లో వేసింది ఆయన, లోకల్ గార్డియన్ అయింది నేను.

"సంతకం ఒక్కటే, కనకం. ఊరికే, పేరుకి," అన్నాడు, నా కర్రీ పాయింట్ కౌంటరు మీద కాగితాలు పరిచి.

భవానీపురంలో మాది చిన్న కొట్టు. మిట్టమధ్యాహ్నం వేళ యముడు వచ్చి పిలిచినా "కాసేపు కూర్చోండి, సాంబారు కట్టేసి వస్తా" అనే రకాన్ని నేను. సరిగ్గా ఆ వేళకే వచ్చాడు. వెనకాల బేరాలు ఆగిపోతున్నాయి. సాయానికి ఉండే సువార్తమ్మ ఒక్కతే అటూ ఇటూ పరిగెడుతోంది. 'పేరుకి' అన్న మాట మా అన్నయ్య నోటి వెంట వచ్చిందంటే భయపడాలని తెలిసి కూడా, చేతికంటిన పప్పు కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టేశాను.

కొడుకు హర్షవర్ధన్ కౌంటరు పక్కన గోడకానుకుని నిలబడ్డాడు. పదిహేనేళ్ళు. తాటిచెట్టులా ఎదిగాడు. ఆరో తరగతి నుంచి బెజవాడలోనే ఒక పేరున్న హాస్టల్లో ఉండి చదివాడు. ప్రతి పరీక్షలోనూ ర్యాంకే. వాడికి ఈ కొత్త స్కూల్లో సీటు వచ్చిందని చల్లపల్లి సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాడు మా అన్నయ్య. అందులో వాడి ఫోటో పెద్దది, మా అన్నయ్య ఫోటో అంతకంటే పెద్దది.

"ఏం తింటావురా?" అన్నాను.

"ఏదైనా పర్లేదత్తా."

"బెండకాయ వేపుడు ఉంది, దోసకాయ పప్పు ఉంది."

"నీ ఇష్టం."

అన్నిటికీ అంతే. ఫ్యాను వెయ్యనా అన్నా నీ ఇష్టమే, కట్టెయ్యనా అన్నా నీ ఇష్టమే. ఇంత బుద్ధిమంతుణ్ని చూసి ముచ్చటపడాలో, పట్టుకుని కుదిపెయ్యాలో నాకు అర్థం కాలేదు.

స్కూలు ఇబ్రహీంపట్నం దాటాక, హైదరాబాదు రోడ్డు మీంచి లోపలికి ఉంది. ఈత కొలను, గుర్రాలు, గాజు గోడల తరగతులు. పదో తరగతి అనకూడదట, గ్రేడ్ టెన్ అనాలట. వాణ్ని అక్కడ దింపి వచ్చిన నెల తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. అదేం ముహూర్తమో, ప్రతి ఫోనూ నేను గరిటె పట్టుకున్నప్పుడే.

"మేడమ్, హర్షవర్ధన్ పర్సనల్ గ్రోత్ గురించి మీతో డిస్కస్ చెయ్యాలండీ," అంది ఒకమ్మాయి.

గ్రోత్ అన్న మాట నేను మా అన్నయ్య నోట రొయ్యల చెరువు గురించి తప్ప వినలేదు. "పొడుగు బాగానే ఉన్నాడు కదమ్మా," అన్నాను. తర్వాత ఆ అమ్మాయి చాలా మర్యాదగా, వాడు క్లాసులో నోరు విప్పడం లేదనీ, ఏ ఆటలో చేరతావంటే 'మీ ఇష్టం' అంటున్నాడనీ, ఒకసారి పెద్దవాళ్ళు రావాలనీ చెప్పింది.

అన్నయ్యకి ఫోను చేస్తే రొయ్యలకి జబ్బు తగిలిందన్నాడు. "నువ్వెళ్ళిరా. లోకల్ గార్డియన్‌వి కదా!"

వెళ్ళాను. ఆటో, బస్సు, మళ్ళీ ఆటో. అక్కడ ఇంగ్లీషు టీచరు నా చేతిలో వాడు రాసిన వ్యాసం పెట్టింది. మీ నాన్నగారి గురించి రాయమన్నారట. "సార్ ఏ బ్యాంకులో మేనేజరండీ?" అని అడిగింది. కళ్ళజోడు సర్దుకుని చదివితే, మా నాన్న బ్యాంకు మేనేజరు, రోజూ నీలం టై కట్టుకుని ఆఫీసుకి వెళ్తారు, సాయంత్రం మాకు నీతి కథలు చెప్తారు అని రాసి ఉంది. పాత హాస్టల్లో ఎవరో బట్టీ పట్టించిన 'మై ఫాదర్' వ్యాసం. పొల్లు పోకుండా దింపేశాడు.

లెక్కల మాస్టారు సంజీవరావు గారిది ఉయ్యూరు. తెలుగులో మాట్లాడారు కాబట్టి ప్రాణం లేచొచ్చింది. "కుర్రాడు చెడ్డవాడు కాదమ్మా. ఏ సూత్రం అడిగినా టక్కున చెప్తాడు. ఎందుకలా అంటే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోతాడు. మా దగ్గర ఆ 'ఎందుకు'కే మార్కులు," అన్నారు.

రాత్రికి అన్నయ్యకి ఇదంతా చెప్తే, లెక్కల సంగతి వినిపించుకోలేదు గానీ టై దగ్గర మాత్రం పట్టుకున్నాడు. "నేనెప్పుడు టై కట్టుకున్నానే? వాడికి కళ్ళు కనబడవా?" అని మర్నాడు కూడా ఫోను చేసి అడిగాడు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం వాణ్ని బయటికి పంపించారు. ఔటింగట. ఆదివారం నాకు ఊపిరి సలపదు. ఇంట్లో కూర్చోబెడితే గోడలు చూస్తూ కూర్చుంటాడని కొట్టుకే తీసుకొచ్చి ప్యాకెట్లు కట్టమన్నాను. సువార్తమ్మ కవర్లో కూర పోసి, మూతి మెలితిప్పి, రబ్బరు బ్యాండు వేసి చూపించింది. వాడు కట్టిన మొదటి ప్యాకెట్టు రసం నా కాళ్ళ మీదే పడింది.

"గాలి వదలాలయ్యా. అలా అదిమేస్తే పగిలిపోదూ?" అంది సువార్తమ్మ.

"గాలి ఉంటే ఎందుకు పగలదు?" అన్నాడు.

"నాకేం తెలుసు బాబూ, పగలదంతే."

వాడు ఒక ప్యాకెట్టు గాలితో, ఒకటి గాలి లేకుండా కట్టి, అటూ ఇటూ నొక్కి చూస్తూ నిలబడిపోయాడు. బయట జనం అరుస్తున్నారు. నాకు ఒళ్ళు మండి, "నీ పరిశోధనలు తర్వాత, ముందు పప్పు కట్టు," అని కసిరాను. కసురుతూనే అనుకున్నాను, వీడి నోట ప్రశ్న రావడం ఇదే మొదలు.

బేరాలు సద్దుమణిగాక ముగ్గురం గిన్నెల్లో మిగిలినవి వేసుకుని తిన్నాం. వాడు కంచంలో వేలు పెట్టి కెలుకుతూ ఉన్నాడు. తర్వాత తలెత్తకుండా అన్నాడు.

"అత్తా, నాకు లెక్కలు రావు."

"అదేంట్రా? నూటికి నూరు కదా నీకు!"

"వచ్చనుకున్నాను. గుర్తున్నాయంతే."

సువార్తమ్మ మజ్జిగ గిన్నె తెచ్చే నెపంతో లోపలికి వెళ్ళింది.

"తొమ్మిదో క్లాసు పుస్తకం తెచ్చుకుని మళ్ళీ మొదట్నుంచీ చదువుతున్నాను. సంజీవరావు సార్ సాయంత్రాలు కూర్చోబెడుతున్నారు. అది అర్థమవుతోందత్తా. కానీ పొద్దున్న పదో క్లాసులో కూర్చునేసరికి మళ్ళీ ఏమీ తెలీదు. నన్ను తొమ్మిదిలో కూర్చోనివ్వమని నాన్నతో చెప్పు."

నా చేతిలో ముద్ద కిందికి జారింది. "మతి పోయిందా? ఏడాది పోగొట్టుకుంటావా? ఫెయిలయినవాణ్ని కూడా ఈ రోజుల్లో పై క్లాసుకి తోసేస్తున్నారు. నువ్వు పాసయి కిందికి దిగుతానంటావేంటి? ఊరంతా ఏమనుకుంటారు? మీ నాన్న నన్ను కృష్ణలో తోసేస్తాడు!"

"నువ్వు చెప్తే వింటారు."

"నేను చెప్పను. ఆ మాట నీ నోటితో నువ్వే చెప్పుకో. నా చేత సంతకాలు పెట్టించారు, తిరిగేలా చేశారు, ఇంక ఈ రాయబారాలు నావల్ల కాదు."

వాడు తలూపాడు. ఎప్పటిలా 'నీ ఇష్టం' అంటాడనుకున్నాను. అనలేదు. కంచం తీసుకెళ్ళి కడిగి బోర్లించి, సాయంత్రం స్కూలు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

నిజంగానే చెప్తాడని నేననుకోలేదు. ఆ వారంలోనే హాస్టలు ఫోను నుంచి తండ్రికి చెప్పేశాడు. మర్నాడు మధ్యాహ్నం మా అన్నయ్య కారు వచ్చి కొట్టు ముందు అడ్డంగా ఆగింది. వెనక ఆటోలన్నీ హారన్లు మోగిస్తున్నాయి.

"ఏం నూరిపోశావే వాడికి?" అన్నాడు దిగుతూనే.

"నేనా? నేను వద్దనే చెప్పాను!"

"నా కొడుకు కిందికి దిగుతాడా? నేను ఊళ్ళో తలెత్తుకుని తిరగాలా వద్దా? టీసీ తీసుకుని పాత హాస్టల్లోనే పడేస్తాను. నాలుగు నెలలు గట్టిగా రుద్దితే అన్నీ వాటంతటవే వస్తాయి. పద."

"నేనెందుకు? కూరలున్నాయి."

"గార్డియన్ సంతకం కూడా కావాలట. పద!"

పెట్టినప్పుడు నా సంతకం, పీకేటప్పుడూ నా సంతకమే. గరిటె సువార్తమ్మ చేతికిచ్చి, కూర మరకల చీరతోనే కారెక్కాను. దారంతా అన్నయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. గొల్లపూడి దగ్గర మొదలుపెట్టి స్కూలు గేటు దాకా ఆ పాత హాస్టలు గొప్పతనం చెప్పాడు. వాణ్ని అందులోంచి తీసేటప్పుడు అది జైలన్నది కూడా ఈ నోరే.

ప్రిన్సిపాలు పుణె వైపు ఆవిడ. తెలుగు రాదు. సంజీవరావు గారు పక్కన కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్తున్నారు. మా అన్నయ్య ఇంగ్లీషులో మొదలుపెట్టాడు గానీ కోపం ముదిరేసరికి అది తెలుగైపోయింది. టీసీ ఇచ్చెయ్యండి అన్నాడు. ఆవిడ, నిర్ణయం తల్లిదండ్రులదే, కానీ ముందు అబ్బాయి మాట విందాం అంది.

"వాడికేం తెలుసండీ? చిన్నపిల్లాడు," అన్నాడు అన్నయ్య.

హర్ష కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లేవమని ఎవరూ అనలేదు. క్లాసులో నిలబడ్డట్టు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఇంగ్లీషులో కాకుండా తెలుగులోనే మాట్లాడాడు, తండ్రి మొహంలోకి చూసి.

"నాన్నా, ఇక్కడ సార్ అడిగితే నేను నిలబడిపోతాను. ఎవరూ నవ్వరు. తిట్టరు. నేను చెప్తానేమోనని అందరూ ఆగుతారు. చెప్పడానికి నా దగ్గరేమీ ఉండదు. అక్కడైతే ఎవరూ ఆగేవాళ్ళు కాదు, అందుకే నాకు తెలీలేదు. మళ్ళీ అక్కడికి వెళ్తే ర్యాంకు వస్తుంది. నాకు తెలుసు, వస్తుంది. కానీ నేను రాను నాన్నా."

'రాను' అన్న మాట వాడి నోట వినడం నాకదే మొదలు. మా అన్నయ్యకీ అంతే అనుకుంటాను. మొహం ఎర్రబడిపోయింది. "విన్నావా కనకం? నీ మేనల్లుడు నాకెదురు చెప్తున్నాడు! నువ్వేమీ అనవేం?"

నిజం చెప్పాలంటే, నాకప్పటికీ వాడి మీద విసుగ్గానే ఉంది. ఏడాది పోతుందన్న దిగులు నాకూ ఉంది. కొట్లో వంకాయ మాడిపోతోందేమోనని ఒక పక్క ప్రాణం పీకుతోంది. అయినా ఎందుకో, ఎవరూ లేవమనకుండా వాడలా లేచి నిలబడ్డం చూశాక ఇంకో మాట వచ్చింది.

"అన్నయ్యా, పుట్టి ఇన్నేళ్ళయింది, వాడు నిన్ను ఏదైనా కావాలని అడిగాడా?"

అన్నయ్య నా వైపు తిరిగాడు. ఏదో చెప్పబోయాడు. సైకిలు, ఫోను, ఏదో ఒకటి గుర్తొస్తుందనుకున్నాను. అన్నీ అడక్కుండానే కొనిపెట్టిన తండ్రి ఆయన. బల్ల మీది కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. సంజీవరావు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

"చేసుకోండి. అత్తా అల్లుడూ కలిసి ఏం చేసుకుంటారో చేసుకోండి," అని లేచి బయటికి వెళ్ళిపోయాడు. మేము బయటికొచ్చేసరికి కారు లేదు. నన్ను హైవే మీద వదిలేసి వెళ్ళిపోయాడు మహానుభావుడు. షేర్ ఆటోలో మేకపిల్ల పక్కన కూర్చుని ఇంటికొచ్చాను. వంకాయ మాడింది.

ఆ తర్వాత అన్నయ్య నాతో మాట్లాడ్డం మానేశాడు. ఏటా దసరాకి పుట్టింటి నుంచి వచ్చే చీర ఈసారి రాలేదు. వదిన మాత్రం దొడ్లోకి వెళ్ళి, బావి పక్కన నిలబడి, గుసగుసగా ఫోను చేసేది. "భోజనం దగ్గర కూడా వాడి పేరెత్తనివ్వడం లేదు వదినా. ఫ్లెక్సీ తనే దగ్గరుండి విప్పించేశారు. ఎలా ఉన్నాడు వాడు? తింటున్నాడా?"

ఎలా ఉన్నాడంటే ఏం చెప్పను? దసరా రోజుల్లో భవానీపురం మా చేతుల్లో ఉండదు. దుర్గమ్మ దర్శనానికి వచ్చే ఎర్రబట్టల జనం, బారికేడ్లు, వీధి చివరిదాకా బేరాలు. అలాంటి వేళ ఫోను చేసేవాడు. తొమ్మిదో క్లాసు పిల్లలు తనని అంకుల్ అంటున్నారట. గ్రూపు ఫోటోలో వెనక వరసలో వంగి నిలబడమన్నారట. ఫుట్‌బాల్లో గోల్ కీపరుగా పెట్టారట, పొడుగని. పరీక్షలో అరవై కూడా రాలేదట, వాడి బతుకులో అంత తక్కువెప్పుడూ రాలేదట. ఆ మాట చెప్తున్నవాడు ఏడుస్తాడనుకుంటే, రాని లెక్కెందుకు రాలేదో, వచ్చిందెలా వచ్చిందో అరగంట చెప్పాడు. "ఒరేయ్, నా పొయ్యి మీద గోంగూర అడుగంటుతోందిరా!" అంటే, "ఒక్క నిమిషం అత్తా, అసలు సంగతి ఇప్పుడే వస్తుంది," అంటాడు. నోరు విప్పడం లేదని నన్ను పిలిపించిన అమ్మాయే మళ్ళీ ఫోను చేసింది. "క్లాసులో క్వశ్చన్స్ కొంచెం ఎక్కువవుతున్నాయండీ, మీరు ఒకసారి చెప్తే..." అంది. ఫోను కట్ చేసేశాను.

దీపావళి ముందు వాళ్ళకి సెలవులిచ్చారు. కారు పంపనన్నాడు అన్నయ్య. "నువ్వే తీసుకొచ్చి దింపు వదినా," అని ప్రాధేయపడింది వదిన. కొట్టు మూసి, వాణ్ని వెంటబెట్టుకుని, చల్లపల్లి మీదుగా పోయే అవనిగడ్డ బస్సెక్కాను. పామర్రు దాకా నిలబడే ప్రయాణం. అది దాటాక సీటు దొరికింది. వాడు కిటికీ పక్కన కూర్చుని పొలాల్నే చూస్తున్నాడు. వరి పొట్ట మీద ఉంది.

ఇంటికి చేరేసరికి అన్నయ్య వాకిట్లో పడక్కుర్చీలో ఉన్నాడు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నన్ను చూడలేదు. కొడుకుని కూడా చూడనట్టే ఉన్నాడు గానీ, పేపరు అంచు కిందనుంచి వాడి కాళ్ళ వైపు చూడ్డం నేను కనిపెట్టాను. నేను తిన్నగా వంటింట్లోకి వెళ్ళి వదిన పక్కన కూర్చుని బీరకాయలు చెక్కు తీశాను. ఎంత పంతమైనా పుట్టింట్లో చేతులు ముడుచుకుని కూర్చోలేను కదా.

కాసేపటికి వాకిట్లోంచి మాటలు వినబడ్డాయి.

"నాన్నా, కాలవ పక్కన మన మూడు మూలల పొలం చెక్క ఎంత ఉంటుంది?"

వాడు మళ్ళీ అడిగాడు.

"ఎకరంలో పదిసెంట్లు తక్కువ," అన్నాడు అన్నయ్య పేపరు వెనకనుంచి. "ఊళ్ళో అందరికీ తెలుసు."

"తెలుసు సరే, ఎలా తెలుసు?"

"మా నాన్న చెప్పాడు."

"తాతకెలా తెలుసు?"

పేపరు పడేసిన చప్పుడు. వదిన గుండెల మీద చెయ్యేసుకుంది. "అయిపోయింది వదినా, మళ్ళీ మొదలు," అంది. నేను కత్తిపీట పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చేసరికి వాకిట్లో ఇద్దరూ లేరు. పాకలో కొక్కేనికి వేలాడే, పొలం కొలిచే తాడూ లేదు.

వంట అయింది. చీకటి పడక ముందే తిని బయల్దేరితే గానీ నాకు బస్సు దొరకదు. అన్నం వార్చి, పులుసు దింపి ఎంతసేపు చూసినా ఇద్దరూ రారు. ఆఖరికి నేనే చెప్పులు తొడుక్కుని కాలవ గట్టున పడ్డాను. గట్టంతా చిత్తడి. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది.

మూడు మూలల చెక్కకి అవతలి కొనలో మా అన్నయ్య లుంగీ ఎగ్గట్టి, పిక్కల దాకా బురదతో నిలబడి ఉన్నాడు. చేతిలో తాడు కొస. రెండో కొస ఇవతలి మూల హర్ష చేతిలో ఉంది.

"అలా వేలాడదీస్తే కొలత ఎక్కువొస్తుందిరా, బిగించు!" అని అరుస్తున్నాడు అన్నయ్య.

"బిగించాను నాన్నా! మీరే వదులు చేస్తున్నారు!"

"నేనా? నలభై ఏళ్ళ నుంచి తాడు పట్టుకుంటున్నాను, నాకు చెప్తావా? లోపల దిగి కొలవకుండా లెక్కెలా తేలుతుంది అసలు?"

"మూడు గట్ల పొడుగూ తెలిస్తే చాలు. ఎందుకో చెప్తాను, ముందు ఇది కొలవనివ్వండి."

"ఎందుకో ఇప్పుడే చెప్పు."

వాడు తాడు కాలి కింద తొక్కిపెట్టి, గట్టు మీద పుల్లతో ఏదో గీసి చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. తల గోక్కున్నాడు. చెరిపేసి మళ్ళీ గీశాడు. మా అన్నయ్య, జీవితంలో ఎవరి మాటా చివరిదాకా వినని మనిషి, వాడి పక్కకి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆగాడు. వాడికి తోచేదాకా అలాగే నిలబడ్డాడు.

నాకు ఓపిక నశించింది. ఒంటి చెప్పుతో, బురద కాళ్ళతో, గొంతు చించుకుని అరిచాను. "అన్నం చల్లారిపోయింది! నాకు బస్సు వెళ్ళిపోతుంది! మీ ఇద్దరికీ ఇప్పుడే దొరికిందా ఈ తాడు?"

అన్నయ్య నా వైపు తిరిగాడు. ఎన్నో వారాలుగా నాతో మాట్లాడని మనిషి. కోపం లేదు మొహంలో. విసుగుంది, అచ్చం నాకొచ్చే విసుగే.

"ఉండవే కనకం, లెక్క తేలనీ," అన్నాడు.